పిల్లలు హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్‌లో చేరారా? అమెరికాలోని తెలుగు తల్లిదండ్రులు ఏం చేయాలి, ఎలా చేయాలి?

బ్యాండ్ అంటే మనలో చాలామందికి గుర్తొచ్చేది పెళ్ళి ఊరేగింపులో బ్యాండ్ మేళం, లేదంటే రిపబ్లిక్ డే పరేడ్. నేనూ అలాగే అనుకున్నాను. డాలస్ దగ్గర మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో మార్చింగ్ బ్యాండ్‌లో చేరినప్పుడు, వారానికి రెండు గంటల క్లాసు కాబోలు అనుకుని సంతకం పెట్టేశాను. క్లారినెట్ వాయిస్తూ నాలుగేళ్ళు చేసింది. ఆ నాలుగేళ్ళలో నేర్చుకున్నవి ఇక్కడ వరసగా రాస్తున్నాను. మాది టెక్సస్ కాబట్టి నియమాలు ఇక్కడివే చెబుతాను, వేరే రాష్ట్రాల వాళ్ళు మీ బడిలో ఒకసారి కనుక్కోండి.

అన్నిటికంటే ముందు ఒక్క సంగతి అర్థం చేసుకోవాలి. ఇందులో బెంచ్ మీద కూర్చునే ఆటగాళ్ళంటూ దాదాపు ఉండరు. ఫుట్‌బాల్ మైదానంలో ప్రతి పిల్లకీ, ప్రతి పిల్లాడికీ ప్రతి క్షణం నిలబడాల్సిన చోటు ఒకటి ఉంటుంది, దాన్ని 'డాట్' అంటారు. ఏడెనిమిది నిమిషాల షోలో అలాంటి డాట్లు పదులకొద్దీ మారుతుంటాయి, అన్నీ గుర్తుపెట్టుకుని, పాట కూడా కాగితం చూడకుండా వాయిస్తూ నడవాలి. ఒకరు రాకపోతే ఆ వరసలో ఖాళీ కనిపిస్తుంది, పక్కన ఉన్న పిల్లలు ఎవరిని చూసి సర్దుకోవాలో తెలియక తడబడతారు. "ఒక్క శనివారం మానేస్తే ఏమవుతుంది?" అని మనం తేలిగ్గా అంటాం కానీ బ్యాండ్ డైరెక్టర్లు (బ్యాండ్ నేర్పే టీచర్లు) అంత పట్టుగా ఉండేది ఇందుకే.

1. ముందు క్యాలెండర్, తర్వాతే ఇండియా టికెట్లు

బ్యాండ్ క్యాలెండర్ మామూలుగా వసంతంలోనే ఇచ్చేస్తారు. అది చేతికి రాగానే ఫోన్లో ఎక్కించి, భార్యాభర్తలిద్దరూ షేర్ చేసుకోండి. పోటీ షో కోసం మార్చింగ్ నేర్పడం ఆగస్టు 1కి ముందు మొదలుపెట్టకూడదన్నది టెక్సస్‌లో ఇలాంటి పోటీలన్నీ నడిపే యూఐఎల్ నియమం, కాబట్టి అసలు బ్యాండ్ క్యాంప్ ఆగస్టు మొదటి రెండు వారాల్లో పడుతుంది. కొత్త పిల్లలకు జూలై ఆఖర్లోనే కొన్ని రోజులు పిలిచే బడులూ ఉన్నాయి. షో డాట్లు పంచేది ఈ క్యాంప్‌లోనే.

మేం దెబ్బతిన్నదీ ఇక్కడే. మొదటి ఏడాది మా తమ్ముడి పెళ్ళి శ్రావణంలో పడింది, పెళ్ళయ్యాక విజయవాడలో ఇంకో నాలుగు రోజులుండి ఆగస్టు రెండో వారంలో వచ్చాం. అప్పటికి డాట్లు ఇచ్చేశారు. మా అమ్మాయిని ఆల్టర్నేట్‌గా పెట్టారు, అంటే అన్నీ నేర్చుకోవాలి, ఎవరైనా రాని రోజున వాళ్ళ డాట్‌లో నిలబడాలి. సెప్టెంబర్ ఆఖరుదాకా దానికంటూ సొంత చోటు లేదు. దాని తప్పు ఏమీ లేదు, టికెట్లు బుక్ చేసింది నేను. పెళ్ళి తప్పనిసరైతే వెళ్ళండి, కాకపోతే మే నెలలోనే డైరెక్టర్‌కు ఈమెయిల్ పెట్టి తేదీలు చెప్పండి, ముందుగా తెలిస్తే వాళ్ళు ఏదో ఒక దారి చూస్తారు. జూన్‌లో వెళ్ళి జూలై మూడో వారానికి వచ్చేస్తే జెట్ లాగ్ కూడా తీరిపోతుంది.

దసరా, బతుకమ్మ, దీపావళి అన్నీ పోటీల సీజన్‌లోనే వస్తాయి. మా ఇంట్లో పూజ తెల్లవారుజామునో, ఆదివారమో పెట్టుకునేవాళ్ళం. శనివారాలు వచ్చే శాట్ పరీక్ష కూడా పోటీతో ఢీకొంటుంది కాబట్టి రిజిస్టర్ చేసే ముందు తేదీ చూసుకోండి. పన్నెండో తరగతి పిల్లలకైతే చాలా యూనివర్సిటీల ముందస్తు దరఖాస్తు గడువు నవంబర్ 1, అది సరిగ్గా పెద్ద పోటీల వారం. వ్యాసాలు వేసవిలోనే రాయించేయండి, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను.

2. కాగితాలు, మార్కులు

డాక్టర్ దగ్గర ఫిజికల్ (ఆరోగ్య పరీక్ష) చేయించి ఫారం ఇవ్వాలి. ఆగస్టులో అపాయింట్‌మెంట్లు దొరకవు, మే, జూన్‌లోనే చేయించేయండి. అలర్జీ, ఆస్తమా ఏదైనా ఉంటే దాచకుండా రాయండి, ఇన్‌హేలర్ వాడే పిల్లలైతే అది ఎవరి దగ్గర ఉంటుందో సెక్షన్ లీడర్‌కు (అదే వాయిద్యం వాయించే పిల్లల గుంపును చూసుకునే విద్యార్థికి) కూడా తెలియాలి.

టెక్సస్‌లో 1984 నుంచి 'నో పాస్, నో ప్లే' నియమం ఉంది. గ్రేడింగ్ పీరియడ్ ముగిసేసరికి ఏ సబ్జెక్టులోనైనా 70 కంటే తక్కువ వస్తే కనీసం మూడు వారాలు పోటీలకు వెళ్ళే అర్హత పోతుంది, ప్రాక్టీస్‌కు మాత్రం రావచ్చు. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) లాంటి కష్టమైన కోర్సుల్లో కొన్నింటికి మినహాయింపు ఉంటుంది, మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో వేటికుందో అడగండి. మన పిల్లలకు 70 ఎందుకు తగ్గుతుందిలే అనుకోకండి, చాలాసార్లు పడేది తెలివి తక్కువై కాదు, రెండు అసైన్‌మెంట్లు అప్‌లోడ్ చేయడం మర్చిపోయి సున్నా పడటం వల్ల. ఆదివారం సాయంత్రం పది నిమిషాలు పక్కన కూర్చుని గ్రేడ్స్ చూస్తే చాలు.

మన వాళ్ళందరూ అడిగే ప్రశ్న ఇంకొకటి: బ్యాండ్ వల్ల ర్యాంక్ తగ్గుతుందా? డిస్ట్రిక్ట్‌ని బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల బ్యాండ్‌ను జీపీఏ లెక్కలోంచి తీసేస్తారు, కొన్నిచోట్ల మామూలు క్లాసుగా లెక్కిస్తారు. వాట్సాప్ గ్రూపులో అడక్కుండా కౌన్సెలర్‌ను అడగండి. ఫాల్‌లో మార్చింగ్ చేస్తే పీఈ క్రెడిట్ కింద కూడా లెక్కవేయవచ్చు కాబట్టి ఒక క్లాసు ఖాళీ అయ్యే అవకాశం ఉంది, అదీ కనుక్కోండి.

3. వాయిద్యం, బూట్లు, డబ్బు

సూసాఫోన్, యూఫోనియం, మెల్లోఫోన్, డ్రమ్స్ లాంటి పెద్దవి సాధారణంగా బడే ఇస్తుంది. ఫ్లూట్, క్లారినెట్, ట్రంపెట్, ఆల్టో సాక్సఫోన్ మనవే ఉండాలి. చెక్క క్లారినెట్‌ను ఎండలోకి, వానలోకి తీసుకెళ్ళనివ్వకండి, పగులుతుంది, మార్చింగ్‌కు ప్లాస్టిక్‌ది వేరే ఉండాలి. కొత్తది కొనక్కర్లేదు, మిడిల్ స్కూల్లో వాడినదే సరిపోతుంది. ఓబో, బసూన్ పిల్లలు వాటితో మార్చ్ చేయరు, వేరే వాయిద్యమో, మైదానం ముందు నిలబడి వాయించే పిట్‌లో చోటో ఇస్తారు, నిరాశ పడొద్దు. వాయిద్యం సీరియల్ నంబర్‌ను ఫోటో తీసి ఉంచుకోండి. డ్రమ్స్ వాయించే పిల్లలకు చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్స్ కొనండి, వినికిడి పోతే తిరిగి రాదు.

మార్చింగ్ బూట్లు బడి ద్వారానే ఆర్డర్ చేస్తారు. మడమ నుంచి వేలిదాకా పాదం దొర్లేటట్టు ప్రత్యేకంగా చేసిన బూట్లవి, మామూలు బూట్ల షాపుల్లో అలాంటివి దొరుకుతాయని వెతక్కండి. మోకాలి కిందిదాకా వచ్చే నల్ల సాక్స్ మాత్రం ఒక అరడజను జతలు కొనిపెట్టండి. ఒక పోటీ రోజు మా అమ్మాయి చీలమండ దాకా వచ్చే తెల్ల సాక్స్‌తో వెళ్ళిపోయింది, నల్ల ప్యాంటు కింద అడుగు లేచినప్పుడల్లా తెల్లగా కనబడుతుందని అప్పటికప్పుడు ఒక వాలంటీర్ అమ్మ తన బ్యాగులోంచి తీసి ఇచ్చింది. ఆ రోజు నుంచి నా కారులో ఎప్పుడూ రెండు జతలు ఉండేవి.

ఫీజు బడిని బట్టి కొన్ని వందల డాలర్ల నుంచి వెయ్యి దాటేదాకా ఉంటుంది. వాయిదాల్లో కట్టే వీలు చాలాచోట్ల ఉంటుంది. ఉద్యోగం పోయిన సంవత్సరం అయితే డైరెక్టర్‌కు నేరుగా చెప్పండి, సిగ్గుపడే విషయం కానే కాదు.

4. ఎండ, నీళ్ళు, తిండి

టెక్సస్ ఆగస్టులో 100 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలే. పిల్లలు గంటలకొద్దీ తారు మీద నిలబడతారు. అర గ్యాలన్ పట్టే థర్మాస్ జగ్, వెడల్పాటి టోపీ, తెల్ల టీషర్టు, సన్‌స్క్రీన్ తప్పనిసరి. మన చర్మానికి సన్‌స్క్రీన్ అక్కర్లేదన్న మాట నమ్మకండి. ఇంకోటి కూడా. వీడియో కాల్‌లో అమ్మమ్మ, నానమ్మ "అయ్యో, పిల్ల ఎంత నల్లబడిపోయిందే!" అంటారు. ఆ మాట పిల్ల చెవిన పడనివ్వకండి, మీరూ అసలు అనకండి. అది అంత కష్టపడి వస్తే మొదట వినాల్సింది ఆ మాట కాదు.

రిహార్సల్‌కు గంట ముందు ఇడ్లీయో, ఉప్మానో, అరటిపండో తినాలి. పాలు, మిల్క్‌షేక్ వద్దు, ఎండలో కడుపు తిప్పుతుంది. మధ్యాహ్నానికి పులిహోర బాగా నిలుస్తుంది, పెరుగన్నం పంపితే ఐస్ ప్యాక్ పెట్టిన డబ్బాలోనే పంపండి. ఇంటికొచ్చాక ఉప్పేసిన పల్చటి మజ్జిగ ఇవ్వండి.

తలనొప్పి, వికారం, విపరీతంగా చెమట పడుతుంటే నీడలోకి వచ్చి ఆగాలి, ఆ మాట పెద్దవాళ్ళకు చెప్పడం పిరికితనం కాదని పిల్లలకు ముందే నేర్పండి. తికమకగా మాట్లాడటం, స్పృహ తప్పడం, ఒళ్ళు 104 డిగ్రీలు దాటి కాలిపోవడం వడదెబ్బ గుర్తులు. అప్పుడు 911కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోపే చల్లటి నీళ్ళతో ఒళ్ళంతా తడపాలి.

5. ఇంట్లో ప్రాక్టీస్‌కు చోటివ్వండి

మామూలు అడుగుల లెక్క 'ఎయిట్ టు ఫైవ్', అంటే ఐదు గజాలకు ఎనిమిది అడుగులు, ఒక్కో అడుగు 22.5 అంగుళాలు. మా వారు టేపు పట్టుకుంటే నేను గరాజ్ ముందు ముగ్గుల చాక్‌పీసుతో ఎనిమిది గీతలు గీశాను, మొత్తం ఐదు గజాల పొడవు. మా అమ్మాయి ఫోన్లో మెట్రోనోమ్ (తాళం కొట్టే యాప్) పెట్టుకుని, కిందికి చూడకుండా, ప్రతి అడుగూ గీత మీద పడేదాకా నడిచేది. మొదటి వారం ఆరో అడుగుకల్లా గీత దాటిపోయేది. మూడో వారం వచ్చేసరికి ఎనిమిదో అడుగు సరిగ్గా గీత మీద ఆగింది, అప్పుడు "అమ్మా, చూశావా!" అని అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. వానకి గీతలు పోతే మళ్ళీ గీసేదాన్ని.

బడి మొదలయ్యాక బడి వేళలు కాకుండా రిహార్సల్ వారానికి ఎనిమిది గంటలు దాటకూడదని యూఐఎల్ నియమం, ప్రదర్శనలు ఇందులో లెక్కకు రావు. కాబట్టి కూచిపూడి, కర్ణాటక సంగీతం, మ్యాథ్ ట్యూషన్ అన్నీ ఆగస్టు నుంచి నవంబర్ దాకా మునుపటిలా నడవవు. గురువుగారితో ముందే మాట్లాడి ఆ నెలల్లో వారానికి ఒక క్లాసుకు తగ్గించండి. అన్నీ ఉంచేస్తే ముందు పోయేది పిల్లల నిద్ర.

6. శుక్రవారం ఆట, శనివారం పోటీ

శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ ఆట, హాఫ్‌టైమ్‌లో షో. స్టేడియాల్లో ఎక్కువగా పారదర్శకమైన బ్యాగులే రానిస్తారు, టికెట్ ఫోన్లో ముందే కొనుక్కోండి. మూడో క్వార్టర్ సాధారణంగా బ్యాండ్ పిల్లలకు విరామం, అప్పుడే తింటారు. మీ పిల్లలు శాకాహారులైతే భోజనాలు చూసే వాలంటీర్‌కు ఆగస్టులోనే చెప్పండి, చెప్పకపోతే చికెన్ శాండ్‌విచ్‌లోంచి చికెన్ తీసేసి బ్రెడ్ తింటారు. యూనిఫామ్ వేసుకున్నాక నీళ్ళు తప్ప ఏమీ తాగనివ్వరు. జుట్టు టోపీలో దాగేలా జడ వేసి పైకి పిన్ను పెట్టడం తల్లులకు రావాలి, నాన్నలకు వచ్చినా మంచిదే.

యూఐఎల్ పోటీలు వరసగా రీజియన్, ఏరియా, ఆ తర్వాత శాన్ ఆంటోనియోలోని అలమోడోమ్‌లో స్టేట్. బ్యాండ్స్ ఆఫ్ అమెరికా అనే దేశవ్యాప్త పోటీలు ఇవి కాకుండా వేరే, వాటి గ్రాండ్ నేషనల్స్ ఇండియానాపోలిస్‌లో లూకస్ ఆయిల్ స్టేడియంలో నవంబర్‌లో జరుగుతాయి. ఏ బ్యాండ్ వాయిస్తున్నా మధ్యలో లేచి నడవకండి, మీ వాళ్ళది అవగానే బయటికి వెళ్ళిపోకండి. వీడియో తీయొచ్చో లేదో అక్కడి నియమం చూడండి. ముందు రోజు మీ అమ్మాయినో అబ్బాయినో "మొదటి డాట్ ఎక్కడ, చివరిది ఎక్కడ?" అని అడిగి తెలుసుకోండి, ఒకేలా ఉన్న రెండు వందల టోపీల్లో వాళ్ళను కనిపెట్టడానికి ఇంకో మార్గం లేదు.

బస్సు తిరిగొచ్చేసరికి అర్ధరాత్రి దాటొచ్చు. కారులో ఎక్కగానే ఎన్నో స్థానం, పక్క బడికెంత అని మొదలుపెట్టకుండా ముందు వేడి వేడి అన్నం డబ్బా చేతికివ్వండి, మాటలు వాటంతట అవే వస్తాయి.

7. బూస్టర్ క్లబ్‌లో ఏదో ఒక పని పట్టండి

బూస్టర్ క్లబ్ అంటే బ్యాండ్‌కు సాయం చేసే తల్లిదండ్రుల సంఘం, బ్యాండ్ నడిచేది వాళ్ళ చేతుల మీదే. యూనిఫామ్ హుక్కులు పెట్టడం, నీళ్ళు అందించడం, బస్సులో తోడు వెళ్ళడం, పిట్ వాయిద్యాలూ ప్రాప్స్ (షోలో వాడే అలంకరణ సామాన్లు) మైదానంలోకి తోయడం. డిస్ట్రిక్ట్ బ్యాక్‌గ్రౌండ్ చెక్‌కు కొన్ని రోజులు పడుతుంది కాబట్టి జూలైలోనే దరఖాస్తు చేయండి. మనలో చాలామంది పనిచేసే కంపెనీలు వాలంటీర్ గంటలకు, విరాళాలకు డబ్బు జోడించి ఇస్తాయి, మీ హెచ్‌ఆర్ పోర్టల్‌లో చూడండి. మావారికి సంగీతం ఓనమాలు కూడా రావు, నాలుగేళ్ళు పిట్‌లో వాయించే మరింబా అనే పెద్ద వాయిద్యాన్ని తోశారు. మన యాస, మన ఇంగ్లిష్ ఏమనుకుంటారోనని వెనక వరసలో కూర్చుండిపోయే వాళ్ళను చాలామందిని చూశాను. రెండో వారానికే అందరూ పేరు పెట్టి పిలుస్తారు, ఏ పిల్ల ఏడుస్తోందో, ఎవరు తినలేదో మీకూ తెలుస్తుంది.

8. "మానేస్తానమ్మా" అన్న రోజు

క్యాంప్ మూడో రోజో, నాలుగో రోజో ఈ మాట దాదాపు ప్రతి కొత్త పిల్ల నోటా వస్తుంది. వెంటనే తిట్టొద్దు, వెంటనే సరేననొద్దు. స్నానం, అన్నం, నిద్ర అయ్యాక మర్నాడు అడగండి. అలసటే అయితే రెండు వారాల్లో పోతుంది. ఎవరైనా ఏడిపిస్తున్నారన్నా, మోకాలో నడుమో నొప్పి తగ్గట్లేదన్నా మాత్రం అదే రోజు డైరెక్టర్‌కు చెప్పండి. మార్కులు, షెడ్యూల్, డాట్ గురించి పిల్లలే వెళ్ళి మాట్లాడుకోవాలి, అది మనం చేస్తే వాళ్ళకు నామోషీ.

నవంబర్‌లో సీజన్ ముగిశాక యూనిఫామ్ తిరిగి ఇచ్చేయాలి, వాయిద్యాన్ని ఒకసారి షాపులో సర్వీస్ చేయించాలి. బూట్లు పొట్టైపోయి ఉంటాయి, పారేయకండి. తుడిచి, లోపల సైజు రాసిన చీటీ పెట్టి యూనిఫామ్ గదిలో ఇస్తే వచ్చే ఆగస్టులో ఇంకో కొత్త పిల్ల వేసుకుంటుంది.