మిర్చి నారుకు ముందు ఎండ అలవాటు చేయండి

షేడ్‌నెట్ కింద పెరిగిన మిర్చి నారును తెచ్చిన రోజే పొలంలో నాటకండి. నర్సంపేట దగ్గర మా చేనులో పోయినేడు అదే తప్పు చేశాను. మూడో రోజుకు లేత ఆకుల మీద తెల్లటి మచ్చలు లేచి, కాగితంలా ఎండిపోయాయి. తెగులనుకుని మందు కూడా కొట్టాను. తీరా చూస్తే ఎండదెబ్బ.

ఎండలోని అతినీలలోహిత కిరణాలను మొక్క యూవీఆర్8 అనే ప్రొటీన్‌తో పసిగడుతుంది. వెంటనే ఆకు పైపొరలో ఫ్లేవనాయిడ్లు అనే రక్షక పదార్థాలను తయారు చేసుకోవడం మొదలుపెడుతుంది. అవి గొడుగులా ఆ కిరణాలను పైనే ఆపి, లోపలి కణాలను కాపాడతాయి. నీడలో పెరిగిన నారుకు ఈ గొడుగు బాగా పలచన. అది చిక్కబడాలంటే కొన్ని రోజులు పడుతుంది, పాపం!

అందుకే నాటడానికి వారం, పది రోజుల ముందు నుంచే ట్రేలను పొద్దున గంటసేపు ఎండలో పెట్టండి. రోజూ కొంచెం పెంచుతూ పోండి. నీళ్లు కాస్త తగ్గించండి, కానీ వాడనివ్వొద్దు. ఆకు ముదురు పచ్చగా మారి, వేళ్లతో పట్టుకుంటే మందంగా తగిలిందంటే నారు సిద్ధమైనట్టే. సాయంత్రం పూట నాటండి. నర్సరీలో కొనేవాళ్లు నారును ఎన్ని రోజులు బయట ఉంచారో తప్పకుండా అడగండి.