ఒకే జట్టు, రెండు కార్లు: రేసులో పోటీని చూడటం ఎలా

మా మెకానిక్ షెడ్డు పర్లాకిమిడిలో, పాతపట్నం వెళ్లే దారిలో ఉంది. షెడ్డులో తెలుగు, ఒడియా రెండూ నడుస్తాయి. యూరప్‌లో జరిగే ఫార్ములా వన్ రేసులు ఎక్కువగా మనకు సాయంత్రం ఆరున్నరకు వస్తాయి కాబట్టి, ఆదివారం ఆరు దాటగానే షట్టర్ సగం దించి, పానాల పెట్టె మీద ఫోన్ నిలబెట్టుకుని అందరం చూస్తాం. మా మేనల్లుడు మొదటిసారి పది నిమిషాలు చూసి, "మావయ్యా, ముందున్నోడు ముందే ఉన్నాడు, ఇందులో పోటీ ఎక్కడుంది?" అన్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందున్న కారును వదిలేయండి. ఏదో ఒక జట్టును పట్టుకోండి. ప్రతి జట్టుకూ రెండు కార్లుంటాయి, రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. వేరే జట్టువాడి చేతిలో ఓడితే, వాడి కారు మంచిదని సర్దిచెప్పుకోవచ్చు. సొంత జట్టువాడి చేతిలో ఓడితే ఆ మాట కుదరదు. మా దగ్గరికి ఒకే ఏడాది కొన్న ఒకే మోడల్ ఆటోలు రెండు వస్తాయి. ఒకదానికి ఏడాది తిరక్కుండానే క్లచ్ ప్లేట్లు మార్చాలి, రెండోదానికి ఇంతవరకూ మార్చలేదు. బండి ఒకటే అయినప్పుడు తెలిసేది చెయ్యే.

ఒక నోటుబుక్కు తీసుకుని, శనివారం క్వాలిఫయింగ్‌లో, అంటే రేసులో ఎవరు ఏ స్థానం నుంచి బయల్దేరాలో తేల్చే టైము పరీక్షలో, ఆ ఇద్దరి టైములూ పక్కపక్కన రాయండి. మామూలుగా తేడా సెకనులో పదో వంతుల్లోనే ఉంటుంది. అలా రాసి చూస్తేనే 1988 మొనాకో రేసు క్వాలిఫయింగ్‌లో సెన్నా చేసింది ఎంత పెద్దదో అర్థమవుతుంది. అదే మెక్‌లారెన్ జట్టు రెండో కారులో ఉన్న ప్రోస్ట్ కంటే సెకనున్నర దాకా ముందున్నాడు. మర్నాడు మాత్రం, వెనకాల ఎవరూ దగ్గరలో లేని వేళ గోడకు కొట్టుకున్నాడు. రేసు ప్రోస్ట్‌కు దక్కింది.

అందుకే ఆదివారానికి వేరే పేజీ కావాలి. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ 1984. అప్పుడూ మెక్‌లారెన్ జట్టే. కుర్రాడు ప్రోస్ట్, పెద్దవాడు లౌడా. 1976లో నూర్బర్గ్‌రింగ్ ట్రాకు మీద కారు మంటల్లో చిక్కి ఒళ్లు కాలి, ఆరు వారాలకే మళ్లీ మోంజా ట్రాకులో కారెక్కి నాలుగో స్థానం తెచ్చుకున్న మనిషి లౌడా. క్వాలిఫయింగ్‌లో దాదాపు ప్రతిసారీ ప్రోస్ట్‌దే పైచేయి. రేసులూ అతనే ఎక్కువ గెలిచాడు, ఏడు. లౌడా గెలిచినవి ఐదు. ఆఖరి రేసు ఎస్టోరిల్‌లో లౌడా పదకొండో స్థానం నుంచి బయల్దేరి, చాలామందిని దాటుకుంటూ రెండోవాడుగా వచ్చాడు. ప్రోస్ట్ ఆ రేసు గెలిచి కూడా ఆ ఏడాది చాంపియన్ టైటిల్ పోగొట్టుకున్నాడు. ఏడాది పాయింట్లన్నీ కలిపితే లౌడాకు 72, ప్రోస్ట్‌కు 71.5. అర పాయింటు! శనివారం ఓడిపోతున్నానని లౌడా కంగారు పడలేదు. ఆ నిబ్బరం కూడా పోటీతత్వమే. నా లెక్కలో అదే గట్టిది.

రేసు నడుస్తున్నప్పుడు మీ కళ్లు స్క్రీన్ పక్కనుండే అంకెల మీద ఉండాలి. వెనకవాడు రెండు సెకన్ల దూరంలోనే పది ల్యాపులు (ట్రాకు చుట్లు) ఉండిపోతే భయపడ్డాడని అనుకోవద్దు. మరీ దగ్గరికి వెళితే ముందు కారు చెదరగొట్టిన గాలిలో పట్టు తగ్గి, జారి, టైర్లు వేడెక్కుతాయి. వాటిని దాచుకుంటున్నాడన్నమాట. ఎవడు ముందు టైర్లు మార్చుకున్నాడో, వచ్చాక మొదటి ల్యాపు ఎంతలో తిరిగాడో రాసుకోండి. చాలాసార్లు ఓవర్‌టేక్ జరిగేది అక్కడే.

నెమ్మదిగా వెళ్లడం కూడా దాడే అవుతుంది. 2016 అబుదాబిలో హామిల్టన్ ముందున్నాడు, అదే మెర్సిడెస్ జట్టు రోజ్‌బర్గ్ రెండోవాడు. అలాగే ముగిస్తే టైటిల్ రోజ్‌బర్గ్‌దే. వెనకవాళ్లు వచ్చి అతన్ని దాటాలని హామిల్టన్ కావాలనే వేగం తగ్గించాడు, జట్టు వద్దని చెప్పినా వినలేదు. రోజ్‌బర్గ్ చెక్కుచెదరలేదు. ఐదు పాయింట్ల తేడాతో చాంపియన్ అయి, ఐదు రోజులకే రిటైర్మెంట్ ప్రకటించాడు. చిన్నప్పుడు కార్టింగ్‌లోనూ (చిన్న కార్ల రేసుల్లో) ఒకే జట్టులో ఆడిన వాళ్లు వీళ్లిద్దరూ.

పాత రేసుల్లో దీనికి పూర్తి విరుద్ధమైనదీ ఉంది. 1956 మోంజాలో ఫెరారీ జట్టు ఫాంజియో కారు చెడిపోయింది. అప్పట్లో జట్టులో ఒకరి కారు ఇంకొకరు తీసుకోవచ్చు. అదే జట్టులోని ముస్సో తన కారు ఇవ్వలేదు. అదే జట్టులో, తనకూ టైటిల్ అవకాశం ఉన్న కాలిన్స్, 24 ఏళ్లవాడు, దిగి తన కారు ఇచ్చేశాడు. ఫాంజియో చాంపియన్ అయ్యాడు. ముస్సోను నేను తప్పుపట్టను. కాలిన్స్‌ను తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

కుర్రాళ్లకు ఒక మాట. ఇరవై రెండేళ్ల వయసులో పాతపట్నం రోడ్డు మీద స్నేహితుడితో పందెం వేసి బైకు మీద నుంచి పడ్డాను. ఎడమ మోచేయి ఇప్పటికీ పూర్తిగా చాపలేను. ట్రాకు మీద ఎదురుగా ఆవు రాదు, ఆటో రాదు, బడిపిల్లలు రారు. పోటీ కావాలంటే నోటుబుక్కులో పెట్టుకోండి, లేదా డబ్బు కూడబెట్టి కార్టింగ్ ట్రాకుకు వెళ్లండి.

జపాన్ రేసుకు టైము మారుతుంది, మనకు ఉదయం పదిన్నరకే. మా మేనల్లుడు ఈసారి చివరి వరుసలో మొదలయ్యే జట్టును ఎంచుకుంటానంటున్నాడు. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి. కెమెరా అటు వైపు చూపించదు కాబట్టి అంకెలు చదవడం తొందరగా వస్తుంది.