ఉద్యోగ విరమణ పొదుపులో బంగారంతో పాటు వెండి: కొనే ముందు జాగ్రత్తలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉద్యోగ విరమణకు దగ్గరపడినవారు చాలామంది బంగారానికి తోడు కొంత వెండి కూడా కొని దాచుకోవాలని ఆలోచిస్తుంటారు. ఆ కొనుగోళ్లకు ఎక్కువమంది ఎంచుకునేది ధనత్రయోదశి. మన తీరానికి తుపాన్ల భయం ఉండే కాలమూ ఇంచుమించు అదే.

వెండిని చవక బంగారంగా భావించడం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. ప్రపంచంలో వాడే వెండిలో సగానికి పైగా సౌర ఫలకాలు, ఎలక్ట్రానిక్ పరికరాల వంటి పరిశ్రమ అవసరాలకే పోతుంది కనుక, పరిశ్రమలు మందగించినప్పుడు దాని ధర బంగారం కంటే వేగంగా జారిపోతుంది. 1980 జనవరిలో ఔన్సు (సుమారు 31 గ్రాములు) 50 డాలర్ల దరిదాపులకు చేరిన ధర మార్చి ఆఖరుకు 11 డాలర్ల లోపుకు పడింది. 2011 ఏప్రిల్‌లో మళ్లీ దాదాపు అంతెత్తుకు పోయి, 2015 చివరికి 14 డాలర్ల దిగువకు వచ్చింది. జీతం ఆగిపోయాక అలాంటి సమయంలో అమ్మక తప్పని పరిస్థితి వస్తే ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికి వ్యవధి ఉండదు కాబట్టి, ఐదేళ్లలో అవసరపడే డబ్బును వెండిలో పెట్టకూడదు. బంగారం, వెండి కలిపి ఉంచుకునే మొత్తంలో వెండి విలువ పావు వంతు దాటకపోవడమే మేలని నా అభిప్రాయం.

కంచాలు, చెంబులు, కుంకుమ భరిణలు ముచ్చటకు కొనుక్కోవచ్చు గానీ వాటిని పొదుపు కింద లెక్కవేయకూడదు. 500 గ్రాముల 925 వెండి (వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి ఉన్న లోహం) పళ్లెంలో అసలు వెండి 462.5 గ్రాములే, దానికి పెట్టిన మజూరీ అమ్మేటప్పుడు తిరిగి రాదు, తరుగు కింద మరికొంత పోతుంది. జర్మన్ సిల్వర్‌లో ఐతే వెండే ఉండదు. పొదుపు కోసం 999 స్వచ్ఛత గల నాణేలో, బిళ్లలో తీసుకోవాలి. బంగారు నగలకు ఉన్నట్టు వెండికి హాల్‌మార్క్ తప్పనిసరి చేయలేదు. అయినా 2025 సెప్టెంబరు నుంచి వెండికీ హెచ్‌యూఐడీ సంఖ్యతో (ఒక్కో వస్తువుకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) హాల్‌మార్క్ వేస్తున్నారు కనుక, దాన్ని అడిగి భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవాలి. నరసన్నపేటలో కొన్నా, విజయనగరంలో కొన్నా, అదే వెండిని మళ్లీ ఏ లెక్కన తీసుకుంటారో డబ్బు కట్టకముందే అడగాలి. బరువు, స్వచ్ఛత, ఆ రోజు ధర, 3 శాతం జీఎస్టీ విడివిడిగా రాసిన బిల్లు లేకుండా కొట్టు మెట్లు దిగకూడదు.

కిలో కడ్డీ కంటే 100 గ్రాముల ముక్కలు పది ఉండటం మేలు, అవసరం మేరకే అమ్ముకోవచ్చు. కడ్డీలను తాకట్టు పెట్టవచ్చన్న ధీమా కూడా పనికిరాదు: 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం బ్యాంకులు నగలు, నాణేల మీద తప్ప కడ్డీల మీద అప్పు ఇవ్వకూడదు; వెండి నాణేలకైనా 500 గ్రాములే పరిమితి.

దాచడం దగ్గర వెండి మరీ ఇబ్బంది పెడుతుంది. అదే విలువకు బంగారం కంటే ఎన్నో రెట్లు బరువు, ఆపైన గ్రాముకు దాదాపు రెట్టింపు చోటు కావాలి కనుక, చిన్న లాకరు ఇట్టే నిండిపోతుంది. కళింగపట్నం, బారువ వంటి తీరప్రాంతాల తేమగాలిలో అది త్వరగా నల్లబడుతుంది. వార్తాపత్రికలో చుట్టి రబ్బరు బ్యాండు వేస్తే వాటిలోని గంధకం వల్ల ఇంకా త్వరగా నల్లబడుతుంది. కొన్నప్పుడు వచ్చిన ప్యాకింగు విప్పకుండా, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి ఉంచాలి. పళ్లపొడితో తోమితే లోహమే అరుగుతుంది.

లాకరులో పెడితే దొంగతనం, అగ్నిప్రమాదం వంటి వాటికి బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. ప్రకృతి వైపరీత్యాలకు అదీ వర్తించదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస ప్రాంతాన్ని అతలాకుతలం చేసిన సంగతి తెలిసిందే. వరద నీటికి వెండి చెడిపోదు గానీ బిల్లులు నానిపోతాయి. రెండేళ్లు దాటాక అమ్మితే లాభంపై 12.5 శాతం పన్ను లెక్క కట్టేందుకు ఆ బిల్లులే ఆధారం కాబట్టి, వాటి ఫొటోలను వేరే ఊళ్లో ఉన్న పిల్లలకు కూడా పంపి ఉంచాలి; లాకరుకు నామినీ పేరు ఇచ్చారో లేదో బ్యాంకుకు వెళ్లినప్పుడే చూసుకోవాలి.