94 దగ్గర ఆగిపోయిన నెట్టు

మాది 300 ఎంబీపీఎస్ ప్లాను. పైగది కంప్యూటర్‌కి వైఫై కాదు, లాన్ వైరే. అయినా స్పీడ్ టెస్టు పొద్దున పెట్టినా 94, అర్ధరాత్రి పెట్టినా 94. నెట్ వాళ్లకి నాలుగుసార్లు ఫోన్ చేసి కేకలేశాక తెలిసింది, తప్పు మా గోడలోనే ఉందని.

మీకూ అంకె 94, 95 దగ్గర కదలకుండా నిలబడిందా? తిట్లు కాసేపు ఆపండి. లైను రద్దీ అయితే ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఇది ఎక్కడో లింకు (కంప్యూటర్‌కీ రౌటర్‌కీ మధ్య వైరు కలయిక) 100 ఎంబీపీఎస్‌కి పడిపోయిన లక్షణం. విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ఈథర్నెట్‌లోకి వెళ్తే లింక్ స్పీడ్ ఉంటుంది. 1000/1000 ఉండాలి. నాకు 100/100.

రౌటర్ లాన్ పోర్టులు 10/100వి, అంటే 100 దాటనివి అయితే ఏ వైరు మార్చినా దండగే, రౌటరే మార్చాలి. గిగాబిట్‌వి (1000 ఎంబీపీఎస్‌వి) అయితే కంప్యూటర్‌ని రౌటర్ దగ్గరికే తెచ్చి గిగాబిట్ మోసే పొట్టి క్యాట్ 5ఈ రకం లాన్ వైరుతో కలపండి. (నేను సీపీయూ మెట్లమీద మోశాను, నడుం పట్టేసింది.) అక్కడ 1000 చూపించింది. ఇక దొంగ మధ్యలో ఉన్న వైరే.

లాన్ వైరులో ఎనిమిది తీగలు, నాలుగు జతలు. 100 స్పీడుకి నారింజ, ఆకుపచ్చ జతలు చాలు. గిగాబిట్‌కి నాలుగూ కావాలి. నీలమో గోధుమో తెగితే చాలాసార్లు చప్పుడు చేయకుండా 100కి దిగిపోతుంది, నెట్టు మాత్రం వస్తూనే ఉంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

పైగది సాకెట్ విప్పి చూస్తే నీలం జత లేదు! ఇల్లు కట్టినప్పుడు ఎలక్ట్రీషియన్ దాన్ని గేటు ఇంటర్‌కామ్‌కి లాగేశాడు. “నెట్టుకి నాలుగు తీగలు చాలమ్మా” అన్నాడట మా ఆవిడతో.

ఇంటర్‌కామ్ పీకేశాను. సాకెట్లో బీ గుర్తున్న (టీ568బీ అనే వరస) రంగుల ప్రకారం తీగలు దిగ్గొట్టాను. రౌటర్ వైపు ప్లగ్గు క్లిప్పు కిందికి పెట్టి ఎడమనుంచి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. మెలికలు అరంగుళం మించి విప్పొద్దు. లాన్ వైరు టెస్టర్లో ఎనిమిది లైట్లూ వరసగా వెలగాలి.

కొత్త వైరు కొంటుంటే తీగని బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూసిన అల్యూమినియం, వద్దు.

ఇప్పుడు 290 వస్తోంది. గేటు దగ్గరికి ఎవరొచ్చినా మా ఆవిడ కిందనుంచి అరిచి పిలుస్తోంది.