గోడౌన్‌లో ఏ సరుకుకు ఏ ర్యాకు

అనంతపురంలో డ్రిప్పు సామగ్రి, నీటిలో కరిగే ఎరువులు, విత్తనాలు నిల్వ చేసే గోడౌన్ చూసుకుంటున్నాను. కొత్తగా షెడ్డు వేసినవాళ్లు ర్యాకుల కొటేషన్లు పట్టుకుని వచ్చి, వీటిలో ఏది మంచిదని అడుగుతుంటారు. ధర చూడకముందే నేను మూడు విషయాలు అడుగుతాను. సరుకు ఏ ఆకారంలో వస్తుంది? ఒక్కో ప్యాలెట్ మీద, అంటే సరుకు పేర్చి ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎత్తే పీట మీద, ఎంత బరువు ఉంటుంది? ముందు వచ్చింది ముందే బయటికి పోవాలా? వీటికి జవాబులు కాగితం మీద రాసుకున్నాకే ర్యాకులు అమ్మేవాళ్లకు ఫోను చేయండి.

మా సరుకే తీసుకుందాం. పీవీసీ పైపులు ఆరు మీటర్ల పొడవుంటాయి. మామూలు ర్యాకులో పెడదామంటే ముందు స్తంభాలు అడ్డొస్తాయి. వెనకవైపు మాత్రమే స్తంభాలుండి, వాటి నుంచి చేతులు ముందుకు చాచి ఉండే క్యాంటిలివర్ ర్యాకు కావాలి. ధర తక్కువ చూపడానికి ఆరు మీటర్లకు రెండు స్తంభాలు చాలంటారు. ఇనుప గొట్టాలకు చాలవచ్చు. పీవీసీ మాత్రం మన ఎండలకు మెత్తబడి మధ్యలో కుంగుతుంది, ఆ వంపు మళ్లీ పోదు. ఒక్కో అరకు నాలుగు చేతులైనా ఉండాలని పట్టుబట్టండి. ఒక చివర సాకెట్, అంటే మరో పైపు దూరే వెడల్పు నోరు, ఉన్న పైపులను ఒక వరుస ఇటు, మరో వరుస అటు తిప్పి పేర్పించండి. సాకెట్ల మీద బరువు పడితే నోరు కోలగా మారి, పొలంలో జాయింటు సరిగా కూర్చోదు. అప్పుడు నీళ్లు కారేది రైతు పొలంలో, మాట పడేది మనం.

లాటరల్ చుట్టలకు, అంటే మొక్కల వరుసల వెంట పరిచే సన్న డ్రిప్పు గొట్టాల చుట్టలకు, ర్యాకు దండగ. నేల మీద పడుకోబెట్టి పేర్చి, ఎలుకలు కొరకకుండా చూసుకుంటే చాలు. వేరుశనగ విత్తన కాయల బస్తాలకూ నేలే మేలు. చెక్క పట్టెలు వేసి, గోడకు మనిషి నడిచేంత దూరంలో పేర్పిస్తాను. పది వరుసలకు మించనివ్వను, ఎందుకంటే అడుగు బస్తాల్లో కాయ నలిగితే మొలక దెబ్బతింటుంది.

ఎల్బోలు, టీలు, డ్రిప్పర్ల వంటివి చేత్తో తీసేవి. వీటికి బోల్టులతో బిగించే స్లాటెడ్ యాంగిల్ అరలు అన్నిటికన్నా చవక. అంతకన్నా బరువైన పెట్టెలకు లాంగ్‌స్పాన్ అరలు వస్తాయి. వాటి అడ్డ బీములు స్తంభాల రంధ్రాల్లో కొక్కేల్లా కూర్చుంటాయి, అర వెడల్పుగా ఉంటుంది. మన వైపు కడప బండతో వేసిన అరలు కూడా ఎక్కువ. చెదలు, తుప్పు పట్టవు కాబట్టి తేలికపాటి సరుకుకు నాకు అవంటే ఎంతో ఇష్టం. అయితే బరువు ఎక్కువైతే ఇనుము వంగి ముందే చెబుతుంది, బండ చెప్పకుండా విరుగుతుంది. మూడడుగులకొక ఆధారం ఇవ్వండి. ఇత్తడి వాల్వులు, ఫిల్టర్లు దాని మీద పెట్టకండి.

ఇక ప్యాలెట్ల సంగతి. నీటిలో కరిగే ఎరువులు 25 కిలోల బస్తాల్లో వస్తాయి. నలభై బస్తాలు పేర్చితే ఒక ప్యాలెట్ టన్ను అవుతుంది. దీనికి సెలెక్టివ్ ర్యాకు వేయించండి. ఏ ప్యాలెట్‌నైనా మరొకటి కదిలించకుండా తీయగలగడమే దాని గొప్పదనం. ప్యాలెట్ 1200 బై 1000 మిల్లీమీటర్లదైతే, వెయ్యి ఉన్న వైపు నడవలోకి పెట్టి, రెండేసి ప్యాలెట్లకు 2300 మిల్లీమీటర్ల బీము సరిపోతుంది. ప్యాలెట్లకూ స్తంభాలకూ మధ్య వందేసి మిల్లీమీటర్ల సందు మిగులుతుంది. ఆ సందు తగ్గించమనే యజమానులుంటారు. తగ్గిస్తే ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు రోజూ స్తంభానికి తగిలిస్తాడు. నడవ మామూలు ఫోర్క్‌లిఫ్ట్‌కు దాదాపు మూడున్నర మీటర్లు ఉండాలి, ఫోర్కును ముందుకు చాచి ప్యాలెట్ తీసే రీచ్ ట్రక్కుకు మూడు మీటర్ల లోపే చాలు. అంటే ర్యాకు కన్నా ముందు వాహనాన్ని ఖాయం చేసుకోవాలి.

స్థలం కలిసొస్తుందని చాలామంది డ్రైవ్-ఇన్ ర్యాకు వైపు మొగ్గుతారు. అందులో ఫోర్క్‌లిఫ్ట్ ర్యాకు లోపలికే వెళ్లి, ప్యాలెట్ల వెనక ప్యాలెట్లు పెట్టి వస్తుంది. నడవలు తగ్గుతాయి, సరుకు ఎక్కువ పడుతుంది. కానీ చివర పెట్టిందే ముందు బయటికి వస్తుంది. ధ్రువీకరించిన విత్తనానికి పరీక్ష జరిగిన నాటి నుంచి గడువు తొమ్మిది నెలలు. పాత లాట్ లోపల చిక్కుకుంటే సీజను దాటిపోతుంది. విత్తనానికి డ్రైవ్-ఇన్ వద్దని నేను గట్టిగానే చెబుతాను. ఒకే రకం సరుకు, ఒకేసారి వచ్చి ఒకేసారి పోయేదైతే వేయించుకోండి. ముందు నుంచే ప్యాలెట్‌ను వెనక్కి నెట్టి పెట్టే పుష్‌బ్యాక్ ర్యాకులోనూ చివర పెట్టిందే ముందు వస్తుంది. వాలు రోలర్ల మీద ప్యాలెట్ జారి వచ్చే ఫ్లో ర్యాకులో పాతదే ముందు వస్తుంది, కానీ ఖర్చు బాగా ఎక్కువ, మన ఊళ్ల వ్యాపారానికి అరుదుగా గిట్టుతుంది. షెడ్డు ఎత్తుగా ఉంటే మెజనైన్, అంటే మధ్యలో అటక లాంటి అంతస్తు, వేసి పైన ఫిట్టింగులు పెట్టుకోవచ్చు. ఎండాకాలం రేకుల కింద కాగిపోయే ఆ ఎత్తులో విత్తనం మాత్రం పెట్టకండి.

ర్యాకు ఎంచుకున్నాక అందరూ మరిచేది నేల. లెక్క చూడండి. కింద నేల మీద ఉన్న ప్యాలెట్లు వదిలేసి, పైన మూడు అంతస్తులు, అంతస్తుకు రెండు టన్నులు అనుకుంటే, ఒక్కో గడిలో, అంటే పక్కపక్క ఫ్రేముల మధ్య జాగాలో, ఆరు టన్నులు. రెండు గడుల మధ్య ఫ్రేము, అంటే ముందు వెనక స్తంభాలను కలిపిన చట్రం, ఇటు సగం, అటు సగం మోస్తుంది. ఫ్రేముకు స్తంభాలు రెండు, కాబట్టి ఒక్కో స్తంభం కింద మూడు టన్నులు, అదీ జానెడు బేస్ ప్లేటు మీద. మన జిల్లాల్లో చాలా గోడౌన్ల నేల తాడిపత్రి లేదా బేతంచెర్ల బండలు పరిచినది. ఇనుప కడ్డీతో తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చినచోట బండ పగులుతుంది, యాంకర్ బోల్టు కూడా పట్టదు. కర్నూలు, ఆదోని వైపు నల్లరేగడి అయితే వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుని నేలనే కదిలిస్తుంది. అలాంటిచోట ఇంజినీరును పిలిచి, మట్టి చూపించి, కమ్ములు వేసిన కాంక్రీటు నేల పోయించుకోండి. ఆ ఖర్చు కొటేషన్‌లో ఉండదు, మీ లెక్కలో ఉండాలి.

ర్యాకు నిలబెట్టాక బీముల ఎత్తు ఇష్టం వచ్చినట్టు మార్చకండి. మొదటి బీమును పైకి జరిపితే కింద స్తంభం ఆధారం లేకుండా పొడవుగా నిలబడుతుంది, అది మోయగల బరువు బాగా తగ్గిపోతుంది. పెద్ద పెట్టెలు వచ్చాయని హమాలీలు బీము ఊడదీసి ఒక అడుగు పైన పెట్టడం చాలాచోట్ల చూశాను. తయారీదారును అడిగి కొత్త బరువు పరిమితి రాయించుకున్నాకే జరపాలి. ఆ పరిమితిని తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయించి ప్రతి వరుస చివర బోర్డు పెట్టించండి. బీము చివర లాక్ పిన్నులు అన్నీ ఉన్నాయో లేదో వారానికోసారి చూడండి. పిన్ను లేని బీముకు కింది నుంచి ఫోర్కు తగిలితే అది ఊడివస్తుంది.

వంపులు చూడటానికి ఒక మీటరు తిన్నని పట్టీ చాలు. స్తంభానికి ఆనించండి. బీముల దిశలో వంపు ఐదు మిల్లీమీటర్లు, ర్యాకు ముందు నుంచి వెనక్కి ఉండే దిశలో మూడు మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే ఉన్న సరుకు తీశాక ఆ గడి మళ్లీ నింపకండి. దానికి రెట్టింపు ఉంటే అప్పటికప్పుడు రెండు వైపుల గడులూ ఖాళీ చేయించండి. వేడిచేసి సుత్తితో తిన్నగా చేస్తామనేవాళ్లను దగ్గరికి రానివ్వకండి, కొత్త ఫ్రేము వచ్చేదాకా అక్కడ తాడు కట్టి ఉంచండి.