సగం నవలతో ఏజెంటు ముందు కూర్చోకండి

మొన్న దసరా సెలవుల్లో మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు అమ్మాయి వచ్చి, చెప్పులు కూడా సరిగ్గా విప్పకుండా సోఫాలో కూలబడి, ఫోను నా చేతిలో పెట్టింది. రెండు లైన్ల మెయిల్. మర్యాదగానే వద్దన్నారు. "ఆంటీ, బాగుచేసి ఇదే నవల మళ్లీ పంపొచ్చా?" అంది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

జరిగింది ఇదీ. కిందటి చలికాలం ఇక్కడే ఊళ్లో ఒక రచయితల సదస్సులో ఢిల్లీ నుంచి వచ్చిన సాహిత్య ఏజెంటుతో, అంటే రచయిత తరఫున పుస్తకాన్ని ప్రచురణ సంస్థలకి అమ్మిపెట్టే మనిషితో, పది నిమిషాలు మాట్లాడే అవకాశం దొరికింది తనకి. పిల్ల గడుసుది, కథ చక్కగా చెప్పింది. ఏజెంటు ముందుకు వంగి విని, "పూర్తి ప్రతి పంపండి, చదువుతాను" అంది. ఆ మాట కోసమే జనం వేలు ఖర్చుపెట్టి వెళ్తారు. కానీ నవలకి ముప్ఫై అధ్యాయాలు అనుకుంటే రాసింది తొమ్మిదే. ఆ సంగతి చెప్పకుండా "నెలలో పంపిస్తాను మేడమ్" అని వచ్చేసింది. జీతం లేని సెలవు పెట్టి, రాత్రిళ్లు ఫ్లాస్కులో టీ పోసుకుని కూర్చుని, నలభై ఒక్క రోజుల్లో ఇరవై ఒక్క అధ్యాయాలు రాసింది. దీక్ష పట్టినట్టే. పంపేశాక ఆ ప్రతి నేనూ చదివాను. ఆరో అధ్యాయంలో చనిపోయిన తల్లి ఇరవై మూడో అధ్యాయంలో కూతురికి కాఫీ కలిపి ఇస్తోంది.

డిసెంబర్ వస్తోంది. హైదరాబాద్‌లో ఎన్టీఆర్ స్టేడియంలో బుక్‌ఫెయిర్, జనవరిలో లిటరరీ ఫెస్టివల్, వాటి చుట్టూ హోటళ్లలో, కాలేజీల్లో చిన్నాపెద్దా సదస్సులు. ఇంగ్లీషులో రాసే మన పిల్లలూ, తెలుగు నవలని ఇంగ్లీషులోకి తెప్పించుకుంటున్న పెద్దవాళ్లూ మళ్లీ బయల్దేరతారు. టైముకి వెళ్లండి, ఇస్త్రీ బట్టలు కట్టుకోండి లాంటివి నేను చెప్పను. చెప్పదలుచుకున్నది ముఖ్యంగా ఒక్కటే. నవల చివరి వాక్యం రాయకుండా ఏజెంటు ముందు కూర్చోకండి.

ముందు ఈ ఒక్కటీ

ఈ తప్పు మనవాళ్లు ఎక్కువగా చేయడానికి నాకు తోచిన కారణం, మనకున్న సీరియళ్ల అలవాటు. వారపత్రికకి ఈ వారం భాగం ఇచ్చేసి, వచ్చేవారం సంగతి వచ్చేవారం చూసుకున్న రచయితలని చదువుతూ పెరిగాం. మొదటి భాగం అచ్చయ్యేనాటికి ముగింపు రచయితకే తెలియకపోయినా నడిచేది. పాఠకుల ఉత్తరాలు చూసి కథ మలుపు తిప్పినవాళ్లూ ఉన్నారు. మొదటి నాలుగు భాగాలు నచ్చితే చాలు, మిగతాది మనమే లాగేస్తామన్న ధీమా అక్కణ్ణుంచి వచ్చింది.

ఏజెంటు పని వేరు. ఆ మనిషి మీ పుస్తకాన్ని తీసుకెళ్లి ప్రచురణ సంస్థల సంపాదకుల ముందు పెట్టాలి. మొదటి నవల రాస్తున్నవాళ్లు ముగింపు దాకా నిలబెట్టగలరో లేదో ఎవరికీ తెలియదు, అందుకే మొత్తం చదవకుండా ముందుకు కదలరు. పుస్తకం అమ్ముడైతేనే వాళ్లకి రాబడి, అదీ మీకొచ్చేదాంట్లో మామూలుగా 15 శాతం, విదేశీ హక్కులైతే 20 దాకా. ఉత్సాహం వాళ్లకి ఆ బల్ల దగ్గరే ఉంటుంది. ఆరు నెలల తర్వాత మీ మెయిల్ వచ్చేసరికి ఆ పది నిమిషాలు గుర్తుండవు. గుర్తున్నా, హడావిడిగా రాసిన ఇరవై అధ్యాయాలు ఆ గుర్తుని చెరిపేస్తాయి. ఒకసారి వద్దన్న నవలని, వాళ్లంతట వాళ్లు "మార్చి పంపండి" అంటే తప్ప, మళ్లీ తెరిచేవాళ్లు తక్కువ. మూడో అంతస్తు అమ్మాయికి ఆ రోజు నేను మింగేసిన జవాబు ఇదే.

నాన్‌ఫిక్షన్‌కి ఇంత పట్టింపు లేదు. హుస్సేన్‌సాగర్ మీదో, నిజాం కాలపు రైల్వే మీదో పుస్తకం అయితే, ఏం రాస్తారు, మీరే ఎందుకు రాయాలి, ఎవరు కొంటారు అన్న ప్రతిపాదనా, ఒకటి రెండు నమూనా అధ్యాయాలూ ఉంటే మాట మొదలవుతుంది. ఆత్మకథని మాత్రం చాలామంది నవల లెక్కనే చూస్తారు, మొత్తం అడుగుతారు.

"తెలుగులో అయిపోయింది కదా!"

ఇది అదే తప్పు, వేషం మార్చుకుని వస్తుంది. 2022లో హిందీ నవలకి, 2025లో కన్నడ కథల సంపుటికి ఇంటర్నేషనల్ బుకర్ వచ్చాక మనవాళ్లలో కదలిక వచ్చింది. మంచిదే. ఆ బహుమతి 50 వేల పౌండ్లని రచయితా అనువాదకులూ చెరిసగం పంచుకుంటారు కాబట్టి అనువాదకులకీ ఉత్సాహం వచ్చింది. కానీ మీ నవల తెలుగులో మూడు ముద్రణలు పొందినా, ఇంగ్లీషులో మూడు అధ్యాయాలే ఉంటే, తెలుగు చదవలేని ఏజెంటుకి ఆ మూడు అధ్యాయాలే మీ నవల. నమూనా చాలనేవాళ్లు కొందరున్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, చాలుతుందా అని అడగండి. "ట్రాన్స్‌లేషన్ రెడీ" అని మాత్రం అనొద్దు. ఆ అబద్ధం రెండు వారాల్లో మీ మెడకి చుట్టుకుంటుంది.

నిడివి కూడా ముందే లెక్కేసుకోండి. 'రాయకపోయుంటే' అని మనం ఒక్కమాటలో అనేదానికి ఇంగ్లీషులో నాలుగైదు మాటలు పడతాయి. తెలుగులో 50 వేల మాటల నవల అక్కడ 70 వేలు దాటడం మామూలే.

అనువాదకులతో ఒప్పందం కాగితం మీద ఉండాలి. అనువదించే హక్కు మూల రచయితది, అనువాదం మీద కాపీరైటు అనువాదకులది, ఇద్దరి సంతకాలూ లేకుండా పుస్తకం కదలదు. రచయిత కాలం చేస్తే మరో 60 ఏళ్లు ఆ హక్కు వారసులది. నాన్నగారి నవల పట్టుకెళ్తున్నారా? అక్కాతమ్ముళ్లందరి సంతకాలూ తీసుకుని వెళ్లండి. తర్వాత తీసుకుందాంలే అనుకుంటే, పుస్తకానికి గిరాకీ వచ్చిన రోజునే అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోతాయి.

డబ్బు

తెలుగులో ఏజెంటు అనే మనిషే దాదాపు లేడు. మన పుస్తకం మనమే వేసుకుంటాం. డీటీపీకి ఒకరికి, ముఖచిత్రానికి ఒకరికి, ప్రెస్సుకి ఇంకొకరికి డబ్బులిచ్చి, 500 కాపీలో వెయ్యో వేయించి, ఆవిష్కరణ సభ పెట్టి, మిగిలినవి మంచం కింద పేరుస్తాం. అందులో సిగ్గుపడాల్సింది లేదు. నా పుస్తకాలూ రెండు మంచం కిందే ఉన్నాయి. చిక్కల్లా, చేతి నుంచి డబ్బు పెట్టడం మనకి ఎంత అలవాటంటే, ఏజెంటునని చెప్పుకునేవాడు "చదవడానికి ఇంత, ఎడిటింగ్‌కి ఇంత" అన్నా అనుమానం రాదు. సదస్సు వాళ్లకి కట్టే ప్రవేశ రుసుము వేరు. ఏజెంటు మీ దగ్గర చదివే రుసుము తీసుకోకూడదు. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య, ఇప్పిస్తామని డబ్బులడిగితే లేచి వచ్చేయండి. రాజా రామ్మోహన్ రాయ్ పేరుతో ఉన్న జాతీయ సంస్థ దాన్ని ఉచితంగా ఇస్తుంది.

అక్కడికక్కడ సంతకం వద్దు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం, హక్కుల బదలాయింపు పత్రంలో కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లు అనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనీ లెక్క. అది ఒప్పందం తెచ్చేవాళ్లకీ తెలుసు కనకే "ప్రపంచమంతటా, కాపీరైటు ఉన్నంతకాలం" అని ముందే అచ్చేయించి తెస్తారు. ఆ వాక్యం ఎక్కడుందో వెతికి చదవండి.

కథ కొట్టేస్తారన్న భయంతో ముగింపు చెప్పనివాళ్లు ఇంకో రకం. "అది సస్పెన్స్ సార్" అంటారు. అమ్మేవాడికి సరుకు చూపించకపోతే ఎలా? కాపీరైటు ఆలోచనకి ఉండదు, రాసిన రూపానికే ఉంటుందని సుప్రీంకోర్టు 1978లోనే తేల్చింది. అంటే మీరు రాసిన అధ్యాయాలకి రక్షణ ఉంది, మనసులో ఉన్న అధ్యాయాలకి లేదు. తిరిగి తిరిగి అక్కడికే వచ్చాం. నవల పూర్తిచేయండి.

ఇక మిగతావి, గుర్తొచ్చినట్టు

తెలుగు ఫైలు 'అను' అనే డీటీపీ ఫాంట్‌లో ఉంటే, ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్పించండి. లేకపోతే అవతలివాళ్ల కంప్యూటర్‌లో మీ తెలుగు గజిబిజి గీతల్లా తెరుచుకుంటుంది. మార్చాక ఒత్తులు ఊడిపోతాయి, కూర్చుని ఒకసారి ప్రూఫు చూసుకోండి.

స్పైరల్ బైండింగ్ చేయించిన 400 పేజీలు బల్ల మీద పెట్టకండి. విమానంలో ఎవరూ మోసుకెళ్లరు. ఒక పేజీ సారాంశం చాలు, అందులో ముగింపు ఉండాలి.

కథ రెండు నిమిషాల్లో అయిపోవాలి. ఎవరు, వాళ్లకేం కావాలి, ఏది అడ్డం, అది దక్కకపోతే ఏం పోతుంది. హీరో తాతగారి ఊరి నుంచి మొదలుపెట్టకండి. మిగతా ఎనిమిది నిమిషాలు వాళ్లని అడగనివ్వండి.

కాగితం చూసి చదవకండి.

మీ నవల లాంటి పుస్తకాలేవని అడుగుతారు. ఈ ఐదారేళ్లలో వచ్చినవి రెండు చెప్పండి. నోబెల్ వాళ్ల పేర్లెత్తొద్దు.

"నాది ఎవరూ రాయని కథ" అనకండి. మా ఆవిడ చదివి ఏడ్చిందని అసలే చెప్పకండి.

అవధాని పరిచయంలా బిరుదులు చదవొద్దు. జిల్లా స్థాయి పురస్కారాలు మెయిల్ చివర ఒక్క లైనులో.

ఏజెంటు ఏయే రకం పుస్తకాలు తీసుకుంటారో ముందు రోజు చూసుకోండి. పిల్లల పుస్తకాల ఏజెంటుకి క్రైమ్ నవల చెప్పి వచ్చిన పెద్దమనిషి నాకు తెలుసు.

టీ క్యూలో, బాత్రూం బయట కథ మొదలుపెట్టకండి. నమస్కారం పెట్టి పక్కకి తప్పుకోండి.

వద్దంటే వాదించకండి. ఎందుకని ఒక్కసారి అడగండి, చెప్తే రాసుకోండి.

"పంపండి" అంటే ఒప్పుకున్నట్టు కాదు. వాట్సాప్ గ్రూపుల్లో కేకు బొమ్మలు పెట్టకండి. ఉద్యోగం మానకండి.

ఎన్ని అధ్యాయాలు పంపాలి, ఏ మెయిల్‌కి, సబ్జెక్టులో ఏం రాయాలి, అక్కడే రాసుకోండి. మూడు అడిగితే మూడే పంపండి.

పంపాక వాళ్లు చెప్పిన గడువు దాటేదాకా ఊరుకోండి. రోజూ గుడ్ మార్నింగ్ పెట్టొద్దు.

ఎవరైనా "పూర్తయిందా?" అని అడిగితే అవునో కాదో ఒక్కమాట చెప్పండి. "దాదాపు" అనొద్దు. ఆ మాట వాళ్లు రోజుకి ఇరవైసార్లు వింటారు.

పూర్తికాలేదా? ఏజెంటుతో పది నిమిషాల స్లాట్ బుక్ చేసుకోకండి. చేసేసుకుంటే వదులుకోండి, ఇంకొకరికి దక్కుతుంది. రాయదుర్గం మెట్రో ఎక్కి మామూలు శ్రోతలా వెళ్లి, వెనక వరసలో కూర్చుని, ఏజెంట్లు మాట్లాడే సభలు వినండి, సాయంత్రానికి ఇంటికొచ్చి పదో అధ్యాయం తెరవండి. మూడో అంతస్తు అమ్మాయి ఈ జనవరికి అదే చేస్తానంది. తల్లి చావుని ఆరో అధ్యాయం నుంచి పద్దెనిమిదికి జరుపుతోందట.