వైరస్ గ్రాఫు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: కణాలను తీసేసి చూస్తే

గత పాఠంలో లాగ్ స్కేలు దగ్గర ఆగాం. నిలువు గీత మీద ఒక్కో మెట్టు పది రెట్లు. గీత 3 నుంచి 5కి ఎక్కితే వైరస్ వంద రెట్లు పెరిగిందన్నమాట. ఈ లెక్క తడుముకోకుండా వచ్చాకే ముందుకు వెళ్లండి.

ఎస్ఐవీ (కోతుల్లో ఉండే, హెచ్ఐవీ లాంటి వైరస్) సోకిన రీసస్ కోతి రక్తంలో వైరస్ రెండు వారాల దరిదాపుల్లో శిఖరానికి చేరి, తర్వాత దిగుతుంది. చాలా కోతుల్లో ఒక మట్టం దగ్గర నిలుస్తుంది. సరిగ్గా ఆ దిగే రోజుల్లోనే వైరస్‌ను గుర్తుపట్టే సీడీ8 టీ కణాలు (వైరస్ సోకిన కణాలను చంపే రోగనిరోధక కణాలు) రక్తంలో కనిపిస్తాయి. ‘ఇవి వచ్చాయి కాబట్టే అది తగ్గింది’ అని వెంటనే రాసేయాలనిపిస్తుంది. కాసేపు ఆగండి. వైరస్‌కు ఆహారమైన సీడీ4 కణాలు (అది సోకి పెరిగే మరో రకం రోగనిరోధక కణాలు) తరిగిపోయినా గీత దిగవచ్చు కదా!

ఈ చిక్కు తీరాలంటే సీడీ8 కణాలను తీసేసి చూడాలి. 1999లో పరిశోధకులు చేసింది అదే. వాటికి అతుక్కుని తొలగించే యాంటీబాడీని కోతులకు ఎక్కించారు. అలాంటి గ్రాఫును మీరే గీయండి (అంకెలు అభ్యాసం కోసం నేను వేసినవి). 0వ రోజు లాగ్ స్కేలు మీద వైరస్ 4 దగ్గర, సీడీ8 కణాలు 800. 7వ రోజు వైరస్ 5.5, కణాలు దాదాపు సున్నా. 28వ రోజు వైరస్ 4.2, కణాలు 500. వైరస్‌కు ఎర్ర గీత, కణాలకు నీలి గీత వేయండి.

చాలామంది 7వ రోజు ఎగుడు చూసి తృప్తి పడతారు. నా దృష్టిలో అసలు సాక్ష్యం ఆ తర్వాతి దిగుడు. తీసేస్తే పెరగడం సగం మాటే. కణాలు తిరిగి రాగానే తగ్గడంతోనే వాదం నిలబడుతుంది. నాటి ప్రయోగాల్లో రెండూ కనిపించాయి. సోకిన తొలి దశలోనే ఎక్కువ రోజులు ఈ కణాలు లేకుండా ఉన్న కోతుల్లో వైరస్ అదుపులోకి రాలేదు, అవి త్వరగా చనిపోయాయి.

ఇప్పుడు గడుసు ప్రశ్న: ఆ యాంటీబాడీ ఇంకేం తీసేసింది? అది పట్టుకునేది సీడీ8 ప్రోటీన్‌లోని ఆల్ఫా గొలుసు అనే భాగాన్ని. రీసస్ కోతుల్లో ఎన్‌కే కణాల (సోకిన కణాలను చంపే ఇంకో రకం రోగనిరోధక కణాలు) మీద కూడా ఆ గొలుసు ఉంటుంది. కాబట్టి అవీ పోయాయి! అందుకే తర్వాత సీడీ8లోని మరో భాగమైన బీటా గొలుసును పట్టుకునే యాంటీబాడీ వాడారు. ఎన్‌కే కణాల మీద బీటా ఉండదు. ఇంకో మెలిక కూడా ఉంది. సీడీ8 కణాలు ఖాళీ కాగానే సీడీ4 కణాలు చురుగ్గా విభజన చెందుతాయి. అంటే వైరస్‌కు కొత్త మేత. ఎగుడులో దీని వాటా ఎంతో ఈ రెండు గీతలు చెప్పవు. సీడీ4 గీత కూడా అడిగి తీసుకోండి.

అభ్యాసం: ఎస్ఐవీ సహజంగా ఉండే సూటీ మాంగబీ కోతుల్లో వైరస్ గీత ఎత్తులోనే ఉంటుంది, అయినా ఎయిడ్స్ రావడం చాలా అరుదు. వాటి వైరస్, సీడీ4 గీతలను ఊహించి గీయండి. రీసస్ గ్రాఫు పక్కన పెట్టి, ఏ గీతలో తేడా ఉందో రెండు వాక్యాల్లో రాయండి. వచ్చే పాఠం అక్కడి నుంచి మొదలవుతుంది.